చాటుతీగ కొన్న ఎండాకాలం

భరణి కార్తె. గనిపైన ఎండ నలభై తొమ్మిది, కింద ముప్పై నాలుగు.

ఈ పొద్దు నుంచి రాస్తాండా. నా చదువు అయిదో తరగతి. అక్షరం వంకర పోతే పోనీ. ఈ సంతోషం ఎవరితోనూ చెప్పగూడదంట. చెప్పకుంటే నాకు కడుపుబ్బుతాది. అందుకని కాగితానికి చెప్తాండా. కాగితానికి తీగ లేదు, నోరు లేదు.

మా కూతురు దస్తగిరమ్మకు రెండో నెల! పెండ్లయి పన్నెండేండ్లు. మొక్కని దేవుడు లేడు, కట్టని ముడుపు లేదు. అందరం ఆశ వదులుకున్నాక ఇప్పుడు! నా పేరు మద్దిలేటి, నాకు డెబ్బై ఒకటి, ఈ డెబ్బై ఒక్క ఏండ్లలో ఇంత మంచి మాట నా చెవిన పడలేదు.

గిరమ్మ ఉరుసు సెలవుకు తెల్లారి బండిలో వచ్చింది. మా అర ఈ నాపరాయి గనిలో మూడో మెట్టు మీద. బండను తొలిచిన గది, ముందర ఒక పరదా. ఒకప్పుడు ఈ గనిలో నేను కోతమిషను నడిపినా. పైన ఎండలు ముదిరినాక రాయి కోసిన గుంతల్లోకే ఊర్లు దిగినాయి. పైన మిగిలింది అద్దాల కంపెనీ ఒక్కటే. మైళ్ళకు మైళ్ళు అద్దాలు పరిచి ఎండను పట్టి కరెంటు చేస్తాది. ఆ కరెంటులో కొంత మా గనిలోకి చల్లగాలి తోలే పంపుకు వస్తాది, ఇంటింటికీ పూటల లెక్కన. గిరమ్మ ఆ కంపెనీలోనే అద్దాలు తిప్పే బల్ల కాడ పని.

వాళ్ళమ్మ సుంకమ్మకు చెవిలో చెప్పింది. సుంకమ్మ నాకు చెవిలో చెప్పింది. నేను మెల్లగానే అడిగినా, "నిజంగానా?" అని. సుంకమ్మ అరచెయ్యి నా నోటి మీద పడింది.

"నాయనా, ఇను," అంది గిరమ్మ. "మృగశిరకు పని పక్కా చేసే ఆర్డర్లు ఇస్తాండారు. పక్కా అయినోళ్ళకు చల్లగది. బిడ్డ పుడితే బిడ్డకూ ఆ గదిలో హక్కు. ఆర్డరుకు ముందే కడుపని తెలిస్తే, తర్వాత చూద్దామంటారు. ఆ తర్వాత అనేది మేముండే షెడ్డులో ఇంతవరకు ఎవురికీ రాలేదు."

షెడ్డులో మధ్యాన్నం నలభై మూడు ఉంటాదంట. ఆ వేడిలో పసిబిడ్డ.

అందుకే ఎవరికీ చెప్పగూడదు. ఫోనులో అసలే మాట్లాడగూడదు, తీగ కంపెనీదే. ఫోను ఎత్తగానే ఒక ఆడగొంతు చెప్తాది గదా, మీ సేవ కోసం మీ మాటలు వింటున్నాము అని. పాపం, అబద్ధమాడదు. వింటారు. కానీ తొలి చూలు, ముప్పై ఆరేండ్ల వయసు, వాంతులు. వాళ్ళమ్మతో దినం మాట్లాడకుంటే ఎట్ల? కంపెనీ డాక్టరును అడిగితే ఆ పూటే అందరికీ తెలుస్తాది.

"ఒక మంచి చాటుతీగ చూడు నాయనా. నమ్మకమైంది, మనకు అందేది," అని చెప్పి సందేళ బండికి పోయింది.

చాటుతీగ అంటే చదువుకున్నోళ్ళు వీపీఎన్ అంటారు. మన మాటను మూట కట్టి వేరే ఊరి దోవన పంపి అవతల విప్పుతాది. నడుమ ఉన్న కంపెనీకి మూట కనపడతాది, లోపలిది కనపడదు. కంపెనీ వద్దనదు. ఎందుకు వద్దనాల? సగం చాటుతీగలు ఆ మూటలు విప్పి దానికే అమ్ముకుంటాయి.

ఏది అమ్ముకోదో కనిపెట్టాల. నేను! తాతను కాబోయేటోన్ని!

కృత్తిక కార్తె. పైన యాభై, కింద ముప్పై అయిదు.

పొద్దున నీళ్ళు పట్టి, పరదా తడిపి, పంపు కాడికి పోయి మా పూటల చీటీ తెచ్చినా. పంపు పక్కనే కంపెనీ మాటకిటికీ. అక్కడ వరస పెద్దగుంది. ఎవరింట్లో ఏం జరిగిందో చెప్తే, ఆ మాటను బట్టి గంటో అరగంటో చల్లగాలి ఎక్కువిస్తారు. మా గనిలో అందరూ చెప్తారు. పక్కింటోళ్ళు మాంసం వండినారంటే అరగంట. ఎవరూ దాన్ని తప్పనుకోరు, దోమతెర కట్టుకున్నట్ల అదొక అలవాటు.

వరసలో పక్కింటి సవారమ్మ కనపడింది. "ఏమన్నా, మొగం వెలిగిపోతాండాది?" అని అడిగింది. దోసకాయ పప్పు తిన్నానని చెప్పినా.

ఇంటికొచ్చి ఫోనులో చాటుతీగలు వెతికినా. మొదట కనపడింది 'చలివేంద్రం'. ఉచితం! ఒక్క నయాపైస లేదు. ఎంత మంచోళ్ళు అనుకున్నా.

సుంకమ్మ బియ్యం ఏరుతా ఉండాది. "చలివేంద్రం పెట్టినోడు పుణ్యానికి పెడతాడు. వీడెవడు? ఊరికే ఇచ్చేటోడు ఏం తిని బతుకుతాండాడు?"

"దేశంలో మంచోళ్ళు లేరా?"

"ఉండారు. వాళ్ళు వచ్చి నీ ఫోనులో బొట్టు పెట్టి పిలవరు."

మరి ఎట్ల తెలుసుకునేది? సుంకమ్మే చెప్పింది. కొళాయి కాడ ఎవరు మాటలు మోస్తాండారో తెలుసుకోవాలంటే ఆడోళ్ళు ఏం చేస్తారంట, ఒక్కొక్కరి చెవిలో ఒక్కో అబద్ధం వేస్తారంట. ఏ అబద్ధం తిరిగి ఇంటికొస్తే ఆ మనిషి. కూసే పుంజును పట్టేదానికి గింజలు చల్లినట్ల. నా పెండ్లాం బుర్ర చూసి మళ్ళా పెండ్లి చేసుకోవాలనిపించింది.

చలివేంద్రంలో గిరమ్మకు ఫోను చేసినా. అబద్ధం ఏదో ముందే అనుకోలేదు, నోటికొచ్చింది చెప్పినా. "అమ్మా, నాకు వజ్రం దొరికింది! జొన్నగిరి చేలల్లో గాదు, మన గనిలోనే, రెండో మెట్టు కాడ! వేపకాయంత!"

"ఎంత మంచి మాట నాయనా," అంది గిరమ్మ. నవ్వు ఆపుకోలేక ఫోను పెట్టేసింది.

అదే వారం.

ఫోను నిండా వజ్రాల వ్యాపారస్తులు. ఒకడు రాయి ఫోటో పెట్టమంటాడు. ఒకడు దాచుకునే పెట్టె అమ్ముతాడు. ఇంకొకడు, వజ్రం దొరికినోళ్ళకు శాంతి పూజ చేస్తాడంట. చలివేంద్రం తీసేసినా.

 

రోహిణి కార్తె. పైన యాభై రెండు, కింద ముప్పై ఆరు.

ఈసారి పెద్ద పేరున్నది పట్టినా. 'వజ్రకవచం'. పట్నంలో దాని బొమ్మలు గోడంత ఉంటాయంట. నెలకు ఎనిమిది చల్లపూటలు అడిగినారు. మాకు వచ్చేదే పదహారు. ఎనిమిది పూటలంటే మా చల్లని సందేళ్ళలో సగం పోయినట్లే. సుంకమ్మ ఒప్పుకుంది, ఒక నెలకు. బిడ్డ మాట గదా.

తడిగుడ్డ నెత్తిన వేసుకుని ఫోను చేసినా. "గిరమ్మా, నేను ఇంకో పెండ్లి చేసుకుంటాండా!"

"అమ్మ ఏమంటాండాది?"

"మీ అమ్మే చూసి పెడతాండాది!"

సుంకమ్మ చెంబు నా మీదికి విసిరింది. నిజం చెంబు. తలకు తగలలేదు గానీ బండకు తగిలి సొట్ట పడింది.

మూడు దినాలకు, పొద్దున్నే పరదా ఎత్తి ఒకాయన లోపలికొచ్చినాడు. పక్క గని నుంచి. పెండ్లిండ్ల పేరయ్య. చేతిలో ఒక ఆమె ఫోటో. "అరవై రెండు, పండ్లన్నీ ఉండాయి, సొంతంగా ఆరు పూటలు ఉండాయి," అని సుంకమ్మకే చూపించినాడు. సుంకమ్మ ఆ ఫోటోను ముందరికీ ఎనక్కూ తిప్పి చూసి, "పిల్ల బాగుండాది. పిల్లోడే బాగలేడు," అని మజ్జిగ ఇచ్చి పంపింది.

అంటే ఇదీ అమ్ముకుంటాండాది. అంత పేరు, అంత గోడ, అన్ని పూటలు!

గిరమ్మకు దినదినం గండమంట. అల్లుడు ఓబులేసు కంపెనీ తీగలోనే మామూలుగా ఫోను చేసి, "ఆమెకు ఎండ పడలేదత్తా, తిన్నది నిలవడం లేదు," అని మాత్రం చెప్పినాడు. అంతకంటే ఏం చెప్తాడు? సుంకమ్మ ఇటు నుంచి ఏం చెప్తాది? "నీళ్ళు తాగమను," అంది. ఫోను పెట్టినాక ఒక్కతే గోడ తట్టు తిరిగి కూర్చుంది. సొంత కూతురికి సొంటి కషాయం గురించి ఒక్క మాట చెప్పుకోలేని తల్లి.

రోహిణి కార్తె, నడుమ. పైన యాభై రెండు, కింద ముప్పై ఆరు.

నాలుగో మెట్టు మీద మాబున్ని ఉంటాది. నలభై అయిదేండ్ల మనిషి, పంపు తీగలు బాగుచేస్తాది, సొంతంగా ఒక చిన్న చాటుతీగ నడుపుతాది. దానికి పేరు కూడా లేదు, మాబున్ని తీగ అంటారు. నెలకు రెండు పూటలు.

పోయి ముందర కూర్చున్నా. మోసపోయినోడికి ప్రశ్నలు ఎక్కువ.

"నా మాటలు నువ్వు ఇంటావా?"

"వినలేను చిన్నాయనా. మూట నా గుండా పోతాది, ముడి మీ ఇద్దరి చేతుల్లోనే ఉంటాది."

"ఎవరికి ఎప్పుడు చేసినానో రాసి పెట్టుకుంటావా?"

"రాసి పెట్టుకుంటే గదా ఒకరొచ్చి అడిగేది? నేనేమీ రాయను. పోయినేడు కంపెనీ వాళ్ళు వచ్చి డబ్బాలు విప్పుకుని పోయినారు. ఏమీ దొరక్క నాలుగు దినాలకు తెచ్చి ఇచ్చినారు, దుమ్ము కూడా తుడిచి."

"మాట్లాడేటప్పుడు నీ తీగ తెగితే? నా మాట కంపెనీ తీగలో పడిపోదా?"

మాబున్ని నా తట్టు బాగా చూసింది. "ఇది మంచి ప్రశ్న. చాటు తెగితే మాట కూడా తెగుతాది. అట్ల కట్టినా."

ఇది నాకు సరిగ్గా అర్థమైంది. కోతమిషనుకు బెల్టు తెగితే రంపం అక్కడికక్కడే నిలవాల. నిలవని మిషను కాడ నేనెప్పుడూ పని చేయలేదు. అందుకే పది వేళ్ళూ ఉండాయి.

"అంత తక్కువకు ఎట్ల ఇస్తావు?"

"నాకు గోడ మీద బొమ్మ లేదు గదా."

ముద్దొచ్చింది బిడ్డ. అయినా పరీక్ష పరీక్షే. ఇంటికొచ్చి, అర మూలకు పోయి గిరమ్మకు చేసినా. "ఈ అర అమ్మేసి మేమిద్దరం కాశీకి పోతాండామమ్మా, మళ్ళా రాము!"

రోహిణి కార్తె, ఆఖరు.

తెల్లారేసరికి పరదా ముందర ముగ్గురు నిలబడి ఉండారు. అర ఎంతకు ఇస్తావని ఒకరు. మెట్టు మీద నీడ ఎన్ని గంటలుంటాదని ఇంకొకరు. మూడో ఆయన అడక్కుండానే గోడ కొలుస్తాండాడు.

వాళ్ళను దాటుకుని ఒక్క పరుగున మాబున్ని కాడికి పోయినా. నా మోకాళ్ళు అట్ల పరిగెత్తి పదేండ్లయింది. "నువ్వూ అంతేనా? బిడ్డ అనుకున్నా గదే నిన్ను!" అని అడిగినా.

మాబున్ని కోపం తెచ్చుకోలేదు. పానా కింద పెట్టింది. "ఏమైందో చెప్పు చిన్నాయనా."

చెప్పినా. మూడు అబద్ధాలూ చెప్పినా. కడుపు సంగతి తప్ప.

ఆయమ్మ, "నువ్వు ఇంటికి పోయి, ఎప్పుడూ చేసినట్లే నీ బిడ్డకు ఫోను చెయ్యి. ఏమన్నా మాట్లాడు. నేను ఇక్కన్నే ఉంటా," అంది.

పోయినా. ఫోను చేసినా. గిరమ్మా, మీ అమ్మ ఈ పొద్దు గోంగూర చేసింది, ఉప్పు తక్కువైంది, చెప్తే కొడతాది, అని మెల్లగా చెప్పినా. ఫోను పెట్టి బయటికొస్తే, ఎదురు గోడ నాలుగో మెట్టు మీద మాబున్ని, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరుస్తాండాది.

"గోంగూరలో ఉప్పు తక్కువైందంట గదా చిన్నాయనా!"

కింద మెట్టు మీద ఎవరో నవ్వినారు. పై మెట్టు మీద ఇంకెవరో, "రోటి పచ్చడి చేయమను!" అన్నారు.

 అక్కడే కూర్చున్నా.

ముప్పై ఏండ్లు కోతమిషను పక్కన నిలబడినోడికి చెవి ఎంత మిగులుతాది? నాకు నా గొంతు మెల్లగానే వినపడతాది. గని గుంత, చుట్టూ బండ. ఇక్కడ దగ్గితే ఆ గోడకు తగిలి వస్తాది. మా ఈడు మిషనోళ్ళం అందరం అట్లే అరుస్తాము, ఒకరికొకరికి అదే మామూలు, ఇంట్లో వాళ్ళకూ అదే అలవాటు. తీగకు ఎంత చాటు కట్టినా, నోటికి కట్టలేదు గదా. చలివేంద్రం అమ్ముకున్నది నిజమే, వ్యాపారస్తులు ఫోనులోనే వచ్చినారు. కానీ పెండ్లిండ్ల పేరయ్యను పంపింది వజ్రకవచం కాదు. నేను.

సుంకమ్మ వచ్చి పక్కన కూర్చుంది. నా తట్టు తిరిగి అంది. "భరణిలో, పిల్ల చెప్పిన పొద్దు. నువ్వేమని అరిచినావో గుర్తుందా?"

"మెల్లగానే అన్నా గదా, నిజంగానా అని."

"అది మొదటిది. నేను చెయ్యి తీసినాక రెండోది ఉండాది. 'నేను తాతనైతాండా' అన్నావు."

రోహిణి పోయేదానికి రెండు దినాలు. పైన యాభై మూడు.

సవారమ్మ తానే వచ్చింది. పరదా బయటే నిలబడింది.

"వదినా, నేనే చెప్పినా కిటికీలో. మీ గిరమ్మ సంగతి. మా మనవడికి జొరం తగ్గలేదు. రెండు పూటలు ఇచ్చినారు దానికి."

సుంకమ్మ, "తగ్గిందా?" అని అడిగింది.

"తగ్గింది."

"లోపలికి రా. నిలబడే ఉంటావేంది."

ఇద్దరూ కూర్చుని చింతచిగురు గిల్లుకున్నారు. నేను చూస్తా ఉన్నా. కోపం కోసం వెతుక్కున్నా, యాడా దొరకలేదు. మా ఇంట్లో జొరముంటే మేమూ ఆ వరసలో నిలబడేటోళ్ళమే.

పోయేటప్పుడు సవారమ్మ ఇంకో మాట చెప్పింది. ఆర్డర్లు ఇచ్చే ముందు కంపెనీ నుంచి తనిఖీ సారు గనులకు వస్తాడంట. కిటికీలో చేరిన మాటలు ఇంటోళ్ళనే అడిగి నిజమో కాదో రాసుకుంటాడంట. నిజమని తేలితే పిల్లను పనిలోంచి ఒక పూట ఆపి డాక్టరు పరీక్ష చేయిస్తారంట. అబద్ధమంటే అంతటితో కొట్టేస్తారు. పని ఆపేది వాళ్ళకూ ఇష్టముండదు.

మాబున్ని తీగే తీసుకున్నాము. రెండు పూటలు ముందే కట్టినా. నోటి సంగతికి ఉపాయం కూడా మాకు ఉండనే ఉండాది. మిషను మోతలో నోటిమాట వినపడదు గదా, మా పనోళ్ళకు చేతిమాట ఉండేది. నీళ్ళు తే, రాయి జారుతాది, పక్కకు పో, ఆకలవుతాది, అన్నీ చేతులతోనే. గిరమ్మ చిన్నప్పుడు నాకు సద్ది తెచ్చేది, అక్కడే నేర్చుకుంది.

పరదా దించి, వీడియోలో, ఒక్క శబ్దం లేకుండా మాట్లాడుకున్నాము. సుంకమ్మ చేతులతో సొంటి దంచింది, నీళ్ళు మరగబెట్టింది, వడగట్టింది, ఇంత తాగమని చిటికెన వేలు చూపింది. గిరమ్మ తలూపింది. ఎడమ పక్కకు తిరిగి పండుకోమని చూపింది. ఇంకా ఏమేమో ఆడోళ్ళ సంగతులు, నేను అటు తిరిగినా. మళ్ళా ఇటు తిరిగేసరికి ఇద్దరి చేతులూ ఆగిపోయి ఉండాయి, ఒకరినొకరు చూసుకుంటాండారు. ఎన్ని దినాలకు!

మృగశిరకు ముందు దినం. పైన నలభై ఏడు. మబ్బు పట్టింది.

తనిఖీ సారు వచ్చినాడు. ముప్పై ఏండ్ల పిల్లోడు, చల్లచొక్కా తొడుక్కున్నాడు, ఆ చొక్కాలోంచి గాలి బుస్సుమని వస్తాండాది. మా అర ముందర కుర్చీ వేసినా. మెట్లన్నీ నిండినాయి జనం. మా గనిలో ఒకరింటికి ఎవరన్నా వస్తే అందరింటికీ వచ్చినట్లే.

రాత్రంతా సుంకమ్మ నాకు ఒకటే మాట నేర్పింది. గిరమ్మ సంగతి అడిగితే, లేదు సార్ అను. ఇంకేమీ కలపాకు. లేదు, అంతే. నేనూ బండకేసి చెప్పి చెప్పి పాఠం చేసినా.

సారు పలక తీసి చదివినాడు. "పెద్దాయనా, మీ ఇంటి మీద మాటలు చాలా ఉన్నాయే. మీకు వేపకాయంత వజ్రం దొరికింది. నిజమేనా?"

"అబద్ధం సార్. నేనే చెప్పినా."

"రెండో పెళ్ళి?"

"అదీ నేనే సార్."

పై మెట్టు మీద నుంచి ఎవరో, "పిల్ల నచ్చలేదంట సార్!" అని అరిచినారు. సారు పెదవి కదిలింది.

"ఇల్లు అమ్మి కాశీకి వెళ్ళిపోతున్నారు?"

"యాడికి సార్, ఈ మోకాళ్ళతో."

"ఇన్ని ఎందుకు చెప్పారు?"

"నోరూరుకోదు సార్."

ఆయన మూడింటి మీదా వేలితో గీత గీసినాడు. నాలుగోది చదివినాడు. "మీ అమ్మాయి దస్తగిరమ్మ, మా అద్దాల సెక్షన్లో పనిచేస్తుంది. ఆమె గర్భవతి అని ఉంది. నిజమేనా?"

 సుంకమ్మ నా వెనక ఉండాది. నేను నోరు తెరిచినా.

రాలేదు ఆ మాట.

ఇంట్లో బియ్యం అయిపోతే లేవు అనం గదా. నిండుకున్నాయి అంటాం. నూనె అడుగంటితే లేదు అనం. దీపం కొండెక్కింది అంటాంగానీ ఆరిందనం. అడుగు గింజలకే ఆ మాట తగలనీయని నోరు ఇది. పన్నెండేండ్లకు కడుపున పడ్డ ప్రాణాన్ని పట్టుకుని, ఎట్ల అంటాను లేదని? నా నోటితో? తాతను నేను! లోపలున్నది వినదా?

సారు తలెత్తి చూసినాడు. సుంకమ్మ నా వీపు మీద గిల్లింది.

"నిజమే సార్!" అన్నా.

అన్నాక ఇంకేముంది. భరణి నుంచి బిగబట్టి ఉంచిన మాటలు, కట్ట తెగినట్ల వచ్చినాయి. "ఒకరా సార్, ఇద్దరు! కవల పిల్లలు! ఒకటి ఆడ, ఒకటి మగ! ఆడపిల్ల వస్తూనే మీ అద్దాలన్నీ ఒక్క చేత్తో తిప్పుతాది! మగోడు పుట్టగానే సూర్యుని చెవి మెలిపెట్టి, ఏమయ్యా కొంచెం మెల్లగా కాల్చు అంటాడు! నేను ఇద్దరినీ చెరో భుజాన వేసుకుని ఈ మెట్లు ఎక్కి దిగుతా! నాకు మోకాళ్ళు మళ్ళా కొత్తవి మొలుస్తాయి సార్, మొలుస్తాండాయి, చూడు!" లేచి ఎగిరినా. నిజంగా ఎగిరినా. నా కండ్లల్లో నీళ్ళు కారిపోతాండాయి, నవ్వుతాండా. గని గోడలన్నీ నా మాటే తిరిగి చెప్తాండాయి.

మెట్ల మీద ఒకరు నవ్వినారు. ఆ తర్వాత అందరూ. సవారమ్మ అందరికంటే గట్టిగా. "సూర్యుని చెవంట సార్! పోయిన నెల వజ్రం, ఈ నెల సూర్యుడు!" అంటా కొంగు నోట్లో కుక్కుకుంది.

సారు కూడా నవ్వు ఆపుకోలేకపోయినాడు. సుంకమ్మను అడిగినాడు. "ఏమ్మా, ఈయన ఎప్పుడూ ఇంతేనా?"

"పెండ్లయినప్పటి నుంచి సార్," అంది సుంకమ్మ. ఆయమ్మ గొంతు వణికింది. ఆయన అది వయసనుకున్నాడు.

వేలితో నాలుగో గీత గీసినాడు. అబద్ధం, అని పక్కన పడింది. నాకు చదవను వస్తాది. పలక నా ముందర పెట్టి, "ఇక్కడ వేలు పెట్టండి పెద్దాయనా," అన్నాడు. పెట్టినా. కుర్చీ లోంచి లేస్తా నా భుజం తట్టి, "మీలాంటోళ్ళు ఉండాలి," అన్నాడు.

ఆయన బండెక్కిందాకా ఎవరూ నవ్వు ఆపలేదు. బండి గని దాటినాక ఆపినారు.  సవారమ్మ పరదా దించుకుని లోపలికి పోయింది.

మృగశిర కార్తె. పైన నలభై ఒకటి. చినుకులు.

ఆర్డరు వచ్చింది! చల్లగది! ఇద్దరికీ, బిడ్డ పుడితే బిడ్డకూ కలిపి!

గిరమ్మ ఆర్డరు చేతికొచ్చినాకే కంపెనీ డాక్టరు కాడికి పోయిందంట. సెక్షను సారు కండ్లు పెద్దవి చేసి, ముందే ఎందుకు చెప్పలేదని అడిగినాడంట. "మా నాయన చెప్పినాడు గదా సార్, వేలిముద్ర కూడా వేసినాడు. అబద్ధమని మీరే రాసుకున్నారు," అందంట నా బిడ్డ.

మాబున్ని తీగకు రెండో నెల పూటలు ముందుగానే కట్టేదానికి బయల్దేరితే సుంకమ్మ అడ్డం పడింది. "ఇంకెందుకు? అంతా తెలిసిపోయింది, దాచేదేముంది? ఆ రెండు సందేళ్ళు సుఖంగా పండుకుందాం."

నేను చెప్పులేసుకున్నా. "దాచేదేమీ లేదు సుంకమ్మా. అయినా నా మనవరాలితో నేను మాట్లాడితే కంపెనీ వాడు నడుమ కూర్చునేదేంది?"

"మనవరాలని ఎవరు చెప్పినారు?"

"నేను చెప్తాండా."

కట్టి వచ్చినా. సందేళ వీడియోలో గిరమ్మ ఫోనును పొట్ట కాడికి దించింది. చేతిమాటతో కుదరదు గదా లోపలోళ్ళకు, నోటితోనే చెప్పాల. పరదా దించి, దుప్పటి కప్పుకుని, ఫోనును పెదాలకు ఆనించుకున్నా. నా గొంతు నాకే వినపడనంత మెల్లగా ఒక మాట చెప్పినా. దుప్పటి బయట కూర్చున్న సుంకమ్మకు కూడా వినపడలేదంట. ఏం చెప్పినావని రెండు సార్లు అడిగింది.

ఆ మాట ఇక్కడ కూడా రాయను.